అమెరికా కాలేజీ అప్లికేషన్‌కి రికమెండేషన్ లెటర్ ఏ టీచర్‌ని అడగాలి?

పిల్లల గురించి టీచర్లు కాలేజీకి రాసి పంపే ఈ లెటర్ల వ్యవహారం, ఎంసెట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న తరానికి కొత్త. మన రోజుల్లో బడివాళ్ళు మన గురించి రాసిచ్చింది ఏదైనా ఉందంటే అది కాండక్ట్ సర్టిఫికెట్ ఒక్కటే. అందరికీ అదే వాక్యం, కింద సంతకం, పక్కన రబ్బరు స్టాంపు. దాన్ని ఎవరూ చదివే పని లేదు, ఫైల్లో ఉంటే చాలు. ఆ అలవాటుతోనే ఇప్పుడు డాలస్‌లోనో ఎడిసన్‌లోనో పదకొండో తరగతి చదువుతున్న పిల్లలకి మనం ఇచ్చే సలహా ఒకటే: "ఏ ప్లస్ వేసిన టీచర్ని అడుగు, అయిపోతుంది."

ఆ సలహాతోనే చిక్కు. ఏ ప్లస్ సంగతి ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే గ్రేడ్ల పట్టికలో, కాలేజీకి ఎలాగూ కనిపిస్తుంది. దాన్నే ఇంకో టీచర్ చేత వాక్యంలో రాయిస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు. అడ్మిషన్ ఆఫీసులో కూర్చున్న మనిషి లెటర్ తెరిచేది వేరే సంగతుల కోసం. తెలియని లెక్క ఎదురైతే ఈ పిల్ల ఏం చేస్తుంది? తప్పు అని చెబితే ముడుచుకుపోతుందా, వాదిస్తుందా, ఇంటికెళ్ళి మళ్ళీ చేసుకొస్తుందా? పక్కవాళ్ళకి అర్థం కాకపోతే పట్టించుకుంటుందా? ఇవి దగ్గరుండి చూసిన టీచర్ మాత్రమే చెప్పగలరు. అందుకే మార్కులు ఎవరు ఎక్కువ వేశారన్నది పక్కన పెట్టి, మన పిల్లలు పనిచేస్తుంటే ఎవరు చూశారన్నది వెతకాలి. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతాదంతా పద్ధతి ప్రకారం చేసుకుపోయే పనే.

ఇది చదివేది ఎక్కువగా తల్లిదండ్రులే అయినా, అడగాల్సింది పిల్లలే. మన పాత్ర భోజనాల బల్ల దగ్గర మొదలై అక్కడే ముగియాలి.

1. ముందు కాలేజీల లిస్టు, తర్వాత టీచర్ల పేర్లు

ఏ కాలేజీ ఎన్ని లెటర్లు అడుగుతుంది, ఏ సబ్జెక్టు టీచర్ల నుంచి కావాలంటుంది అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఎంఐటీకి రెండు కావాలి: ఒకటి మ్యాథ్స్ లేదా సైన్స్ టీచర్ నుంచి, ఇంకోటి ఇంగ్లిష్, హిస్టరీ, సోషల్, భాషల వైపు టీచర్ నుంచి. కాల్‌టెక్ పద్ధతి కూడా అదే. హార్వర్డ్ వేర్వేరు సబ్జెక్టులు చెప్పిన ఇద్దరు టీచర్లని అడుగుతుంది. స్టాన్‌ఫర్డ్‌కి పదకొండు లేదా పన్నెండో తరగతిలో ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, విదేశీ భాష, హిస్టరీ లాంటి ముఖ్యమైన సబ్జెక్టు చెప్పిన ఇద్దరు కావాలి.

కాలిఫోర్నియా వాళ్ళకి కాస్త ఊరట ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు అప్లికేషన్‌తో పాటు లెటర్లు తీసుకోవు. బర్క్‌లీ మాత్రం కొంతమందిని ఎంచుకుని తర్వాత లెటర్లు పంపమని అడగొచ్చు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (కాల్ స్టేట్) క్యాంపస్‌లకీ లెటర్లతో పని లేదు. చాలా స్టేట్ యూనివర్సిటీలు ఒక్క లెటర్‌తో సరిపెడతాయి, కొన్ని ఇష్టమైతే పంపండి అంటాయి. ఈ నియమాలు ఏడాదికేడాది మారుతుంటాయి. అన్నయ్య అప్లై చేసినప్పుడు ఎలా ఉందో గుర్తుపెట్టుకుని తమ్ముడికి చెప్పకండి, ఆ ఏడు ఆ కాలేజీ అడ్మిషన్ పేజీ తెరిచి చూడండి.

లిస్టు ఇంకా తేలకపోయినా ఫర్వాలేదు. పదకొండో తరగతిలో చెప్పిన ఇద్దరు టీచర్లు, వాళ్ళలో ఒకరు లెక్కలు లేదా సైన్స్, ఇంకొకరు ఇంగ్లిష్ లేదా హిస్టరీ అయితే దాదాపు ఏ కాలేజీకైనా సరిపోతుంది. ఇంజనీరింగ్‌కే వెళ్తానని పట్టుబట్టిన పిల్లలకి కూడా ఇదే మాట.

2. ఒక కాగితం, ఒక పెన్ను

పది, పదకొండు తరగతుల్లో చెప్పిన టీచర్లందరి పేర్లూ ఒక కాగితం మీద రాయమనండి. ఒక్కొక్క పేరు ఎదురుగా, ఆ టీచర్‌కి గుర్తుండే ఒక సంఘటన రాయాలి. "నేనంటే ఇష్టం", "నన్ను మెచ్చుకుంటారు" అన్నవి లెక్కలోకి రావు. ఏ రోజు, ఏ పని, ఏం జరిగింది అన్నది కావాలి. ఐదు నిమిషాలు బుర్ర గోక్కున్నా ఏమీ తట్టకపోతే ఆ పేరు కొట్టేయాలి. పిల్లకే గుర్తు రానిది, ఏడాదికి నూటికి పైగా పిల్లలకి చెప్పే టీచర్‌కి ఎక్కడ గుర్తుంటుంది?

తేడా కళ్ళకు కట్టడానికి, నేను కల్పించి రాసిన రెండు లెటర్ ముక్కలు చూడండి. ఒకే కుర్రాడి గురించి ఇద్దరు టీచర్లు రాశారనుకుందాం.

మొదటిది, ఏ ప్లస్ వేసిన టీచర్ రాసింది: "ఇతను నా క్లాసులో అందరికంటే బాగా చదివేవాళ్ళలో ఒకడు. కష్టపడతాడు, మర్యాదగా ఉంటాడు, హోంవర్క్ ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. ఏ కాలేజీలో చేరినా రాణిస్తాడని నా నమ్మకం."

రెండోది, కెమిస్ట్రీలో బీ ప్లస్ వేసిన టీచర్ రాసింది: "టైట్రేషన్ ల్యాబ్‌లో వీళ్ళ గ్రూపుకి వచ్చిన అంకె మిగతా క్లాసుతో కలవలేదు. రంగు మారాక కూడా బ్యూరెట్ వదిలేసి ఉంటారులే అన్నాను. ఇతను ఒప్పుకోలేదు. లంచ్ మానుకుని వచ్చి, బ్యూరెట్ కడుక్కుని మళ్ళీ మళ్ళీ చేశాడు, అదే అంకె. చివరికి తేలిందేమిటంటే, వాళ్ళ బల్ల మీది సీసాలో సోడియం హైడ్రాక్సైడ్ చాలాకాలంగా గాలి తగిలి బలం తగ్గింది. ఆ రోజు నుంచి క్లాసులో ఎవరి లెక్క తేడా వచ్చినా, ముందు సీసా మీద తేదీ చూడమని చెప్పేది ఇతనే."

మొదటి లెటర్లో అబద్ధమేమీ లేదు. కానీ అందులో పేరు మార్చి ఇంకో ఇరవై మందికి పంపొచ్చు. రెండోది ఇంకెవరికీ అతకదు. ఆ కుర్రాడికి ఆ బీ ప్లస్ వల్ల పోయిందేమీ లేదు, పైగా ఆ మార్కు వెనకున్న మనిషి ఎలాంటివాడో తెలిసింది.

టీచర్ పంపేది ఉత్తరం ఒక్కటే కాదు. చాలా కాలేజీలకి ఒకే చోట నుంచి అప్లై చేసే వెబ్‌సైటు కామన్ యాప్‌లో టీచర్లకి ఒక ఫారం కూడా ఉంటుంది. మేధోపరమైన సత్తా, రాసే తీరు, సొంత ఆలోచన, క్లాసు చర్చల్లో పాల్గొనడం, నిజాయితీ, ఎదురుదెబ్బ తగిలినప్పుడు తట్టుకునే తీరు, ఇతరుల పట్ల శ్రద్ధ, ఇలా వరుసగా గళ్ళు ఉంటాయి. సగటు కంటే తక్కువ దగ్గర్నుంచి "నేను చూసిన కొద్దిమందిలో ఒకరు" దాకా ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. కొందరు టీచర్లు ఇది నింపరు, లెటర్ రాసి ఊరుకుంటారు. నింపేవాళ్ళకి మాత్రం "ఎదురుదెబ్బ" గడి దగ్గర ఏదో ఒకటి తెలిసుండాలి కదా. క్లాసులో ఒక్కసారి కూడా తడబడని పిల్లల గురించి ఆ టీచర్‌కి ఏం తెలుస్తుంది?

3. పేర్లు వడకట్టడం

కాగితం మీద నాలుగైదు పేర్లు మిగిలాక అసలు పని మొదలు.

పదకొండో తరగతి టీచర్‌కే మొదటి చోటు. తొమ్మిదో తరగతి టీచర్ ఎంత మంచివాళ్ళయినా వాళ్ళు చూసింది పద్నాలుగేళ్ళ పిల్లని. కాలేజీకి వచ్చేది పదిహేడేళ్ళ పిల్ల. పన్నెండో తరగతి టీచర్‌తో ఇంకో ఇబ్బంది: నవంబర్ 1 డెడ్‌లైన్‌కి అప్లై చేస్తే వాళ్ళకి మీ అమ్మాయి రెండు నెలలుగా మాత్రమే తెలుసు. పదో తరగతిలో చెప్పి మళ్ళీ పన్నెండులో కూడా చెబుతున్న టీచర్ ఉంటే మాత్రం అది అదృష్టమే. మధ్యలో పిల్లలో వచ్చిన మార్పు చూసి చెప్పగలిగేది వాళ్ళే.

మన పిల్లలు చేసే మామూలు పొరపాటు ఇద్దరినీ ఒకవైపు నుంచే ఎంచుకోవడం. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) కాల్క్యులస్ టీచర్, ఏపీ ఫిజిక్స్ టీచర్. ఇద్దరూ "చురుకైనవాడు, లెక్కలు చకచకా చేస్తాడు" అని రాస్తారు. కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేసే తెలుగు పిల్లల ఫైళ్ళలో ఈ మాట లేనిది ఎక్కడ? అదే కుర్రాడి గురించి హిస్టరీ టీచర్ "నీటి హక్కుల మీద వ్యాసం రాయమంటే వాళ్ళ తాతగారి ఊరి చెరువు గురించి రాశాడు, క్లాసంతా పెన్ను పక్కన పెట్టి విన్నారు" అని రాస్తే చదివేవాళ్ళకి ఇంకో మనిషి కనిపిస్తాడు. ఇద్దరు టీచర్లు చెప్పేదాంట్లో ఎంత తక్కువ కలిస్తే అంత మంచిది.

ఇంకో మాట, ఇంగ్లిష్, హిస్టరీ టీచర్లకి రాయడం చేతనైన పని. వాళ్ళ లెటర్లు తరచు బాగుంటాయి. ఇది పైకి చెప్పుకోరు గానీ, స్కూల్లో కాలేజీ అప్లికేషన్ల పని చూసే కౌన్సెలర్లందరికీ తెలిసిన విషయమే.

స్కూల్లో అందరూ అభిమానించే టీచర్ ఒకరుంటారు, ప్రతి సీనియరూ వాళ్ళ దగ్గరికే పరిగెడతాడు. వాళ్ళ దగ్గర లైన్లో చివరివాళ్ళయితే అలసిపోయిన చేతితో రాసిన లెటర్ వస్తుంది. అంత పేరు లేకపోయినా మన పిల్లతో ఎక్కువ మాట్లాడే టీచర్ మేలు. రిటైరవుతున్నవాళ్ళు, స్కూలు మారుతున్నవాళ్ళు అయితే ముందే అడిగి, వెళ్ళిపోయాక వాడే ఈమెయిల్ తీసుకోవాలి.

నోరు విప్పని పిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఇంట్లో పెద్దలకి ఎదురు చెప్పకూడదని పెంచాం, క్లాసులో చెయ్యెత్తలేదని ఇప్పుడు బాధపడితే ఏం లాభం? నిశ్శబ్దంగా ఉండే పిల్లలకీ మంచి లెటర్ వస్తుంది. అయితే టీచర్‌కి తెలియడానికి ఇంకో దారి కావాలి. ఆఫీస్ అవర్స్‌లో వెళ్ళి ఒక్క ప్రశ్న అడగడం, పేపర్ మీద టీచర్ రాసిన వ్యాఖ్యకి జవాబుగా రెండు వాక్యాలు రాసి ఇవ్వడం, పరీక్ష తిరిగిచ్చాక తప్పు చేసిన లెక్క మళ్ళీ చేసి తీసుకెళ్ళడం. ఇవన్నీ పదకొండో తరగతి సెప్టెంబర్ నుంచి మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో లెటర్ అడగాలి కదా అని గుర్తొచ్చి మార్చి చివర్లో ప్రశ్నలతో వాలిపోతే టీచర్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఇక పిల్ల ఏ పని చేసినా చెప్పుకోదనుకుంటే, రాతపని ఎక్కువుండే క్లాసు టీచర్‌ని చూడండి. మాట్లాడని పిల్లలు కాగితం మీద మాట్లాడతారు, ఆ కాగితాలు చదివేది ఆ టీచరే.

4. ఎప్పుడు, ఎలా అడగాలి

పదకొండో తరగతి ఏప్రిల్, మే నెలలు సరైన సమయం. మే నెలలో ఏపీ పరీక్షల హడావిడి ఉంటుంది కాబట్టి ఏప్రిల్ అయితే ఇంకా సుఖం. వేసవి సెలవుల్లో కొందరు టీచర్లు తీరిగ్గా రాసిపెడతారు. చాలామంది టీచర్లు ఏడాదికి ఇన్నే రాస్తామని హద్దు పెట్టుకుంటారు, ఆలస్యమైతే తలుపు మూసేసి ఉంటుంది. కొన్ని స్కూళ్ళలో ఫలానా తేదీ ముందు అడగొద్దనో, ముందు కౌన్సెలర్ ఫారం నింపాలనో నియమం ఉంటుంది, అది కనుక్కోవాలి.

అడిగేది ఎదురుగా వెళ్ళే. క్లాసు మొదలయ్యే ముందు నలుగురిలో కాదు, బడి అయిపోయాక. వాడాల్సిన ప్రశ్న కూడా జాగ్రత్తగా ఎంచుకోవాలి. "నాకు లెటర్ రాస్తారా?" అంటే ఎవరైనా మొహమాటానికి సరే అంటారు. "నా గురించి మంచి లెటర్ రాయడానికి సరిపడా నేను మీకు తెలుసనుకుంటున్నారా? ఈ ఏడు మీకు వీలు కాకపోతే ఫర్వాలేదు, నేను అర్థం చేసుకుంటాను" అని అడిగితే తప్పుకునే దారి ఉంటుంది. ఆ దారి ఇవ్వడమే ఇందులో కిటుకు. "తప్పకుండా!" అన్నది ఒక జవాబు. "ఊఁ... చూద్దాం, ఇంకెవరైనా దొరుకుతారేమో కూడా చూసుకో" అన్నది ఇంకో జవాబు. రెండోది వినబడితే థాంక్స్ చెప్పి రెండో పేరు దగ్గరికి వెళ్ళిపోవాలి. అందులో అవమానం లేదు. మొక్కుబడిగా రాసిన లెటర్ నుంచి ఆ టీచర్ మనల్ని కాపాడినట్టే.

అమ్మలకీ నాన్నలకీ ఒక మనవి. టీచర్‌కి మీరు ఈమెయిల్ రాయకండి. పేరెంట్ టీచర్ మీటింగ్‌లో "మావాడికి లెటర్ కాస్త చూడండి" అని అనకండి. ఆ లెటర్లో "స్వతంత్రంగా వ్యవహరిస్తాడు" అని రాయించుకోవాల్సిన పిల్లవాడి తరఫున తండ్రి వచ్చి అడిగితే టీచర్ ఏం రాస్తారు?

5. సరే అన్నాక టీచర్ చేతికి ఇవ్వాల్సినది

చాలా స్కూళ్ళలో "బ్రాగ్ షీట్" అనే ఫారం ఇస్తారు. దాన్ని రెజ్యూమెలా నింపేస్తారు మన పిల్లలు: స్పెల్లింగ్ బీ, మ్యాథ్ కాంటెస్ట్, రోబోటిక్స్, భరతనాట్యం అరంగేట్రం, వాలంటీర్ గంటలు. ఇవన్నీ అప్లికేషన్లో వేరే చోట ఎలాగూ ఉంటాయి. హిస్టరీ టీచర్ చూడని అరంగేట్రం గురించి హిస్టరీ టీచర్ రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

టీచర్‌కి కావాల్సింది ఆ క్లాసు జ్ఞాపకాలు. స్కూలు ఫారంతో పాటు ఆ టీచర్ కోసమే ఒక పేజీ రాసి ఇవ్వమనండి. అందులో ఉండాల్సినవి: ఆ క్లాసులో ఏ పని నచ్చింది, ఎందుకు, ఎక్కడ చిక్కుకుపోయింది, ఎలా బయటపడింది, టీచర్ అన్న ఏ మాట తర్వాత కూడా పనికొచ్చింది, కాలేజీలో ఏం చదవాలనుకుంటోంది. మంచి గ్రేడ్ వచ్చిన ఒక పేపర్, టీచర్ చేతిరాతతో ఉన్నది, జత చేస్తే ఇంకా మేలు.

ఒక చిన్న నమూనా:

"అక్టోబర్‌లో రెండో వ్యాసం మీద మీరు 'ఇందులో నీ మాట ఎక్కడుంది?' అని రాశారు. ఆ రోజు కోపం వచ్చింది. ఆ వారాంతం మొత్తం తిరగరాశాను. అప్పటి నుంచి పుస్తకంలోని వాక్యాలు ఎత్తిరాయడానికి ముందు, దాని గురించి నేనేం అనుకుంటున్నానో ఒక లైను రాసుకుంటున్నాను. డిబేట్‌లో కూడా అదే పద్ధతి."

ఇలాంటి నాలుగు ముక్కలు దొరికితే టీచర్‌కి లెటర్ సగం రాసినట్టే. ఆ టీచర్ ఈ మాటలే ఎత్తి రాయరు, తమ వైపు నుంచి చూసింది కలుపుతారు. ఈ పేజీ అమ్మో, నాన్నో, కన్సల్టెంటో రాయకూడదని వేరే చెప్పాలా? పదిహేడేళ్ళ పిల్ల రాత ఎలా ఉంటుందో ఏడాదంతా చదివిన టీచర్‌కి తెలుసు.

అదే కాగితం చివర కాలేజీల పేర్లు, ఒక్కోదాని డెడ్‌లైన్ రాయాలి. ఎర్లీ (ముందుగా అప్లై చేసి ముందుగా ఫలితం తెలుసుకునే పద్ధతి) అంటే ఎక్కువ చోట్ల నవంబర్ 1, కొన్నిచోట్ల నవంబర్ 15. రెగ్యులర్ డెడ్‌లైన్లు ఎక్కువగా జనవరి మొదటి రోజుల్లో. టీచర్ చూసుకోవాల్సింది అన్నిటికంటే ముందొచ్చే తేదీ.

6. పోర్టల్ పనులు

ఇది విసుగుపుట్టించే భాగం. కామన్ యాప్ ప్రతి ఏటా ఆగస్టు 1న కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. అంతకుముందే ఖాతా తెరవొచ్చు గానీ, రికమెండర్లని ఆహ్వానించడం ఆగస్టు 1 తర్వాతే చేయాలి, ముందు చేసినవి కొత్త ఏడాదిలోకి రావు. చదువు వివరాల్లో స్కూలు పేరు, లిస్టులో కనీసం ఒక్క కాలేజీ ఉంటే గానీ ఆ భాగం పనిచేయదు.

అక్కడ ఫెర్పా అనే సంతకం అడుగుతుంది. 1974లో వచ్చిన చట్టం ఇది. కాలేజీలో చేరాక తన గురించి రాసిన లెటర్లు చూసే హక్కు విద్యార్థికి ఇస్తుంది. ఆ హక్కు వదులుకుంటున్నారా అన్నదే ప్రశ్న. వదులుకోవాలి. వదులుకోకపోతే టీచర్లు మనసు విప్పి రాయరు, కొందరు అసలు రాయరు, చదివే కాలేజీకి కూడా ఆ లెటర్ మీద గురి తగ్గుతుంది. "మన గురించి ఏం రాస్తారో చూడకపోతే ఎలా?" అని టెన్షన్ పడే తండ్రులు ఉంటారు. అంత అనుమానం ఉన్న టీచర్ని అడగకపోవడమే మంచిది.

కాలేజీ అప్లికేషన్ల కాగితాలు పంపడానికి స్కూలు నావియన్స్ లేదా స్కోయర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే టీచర్‌కి కోరిక పంపాల్సింది అందులో నుంచి. కామన్ యాప్‌లో నుంచి కూడా మళ్ళీ పంపితే టీచర్‌కి ఒకే లెటర్‌కి రెండు ఆహ్వానాలు వెళ్ళి గందరగోళం అవుతుంది. ఎంఐటీకి సొంత పోర్టల్ ఉంది, దానికి విడిగా అడగాలి. ఇది ఏప్రిల్‌లో ఇచ్చిన కాగితంలోనే చెప్పి ఉంచండి.

కామన్ యాప్‌లో టీచర్ ఒకసారి లెటర్ పంపితే అదే అన్ని కాలేజీలకీ వెళ్తుంది, తర్వాత మార్చడానికి ఉండదు. కాబట్టి లెటర్లో ఏ కాలేజీ పేరూ రాయొద్దని మర్యాదగా చెప్పొచ్చు. ఒక కాలేజీ పేరుతో ఉన్న లెటర్ దాని పోటీ కాలేజీ ఆఫీసులో తెరుచుకుంటే వాళ్ళు నవ్వుకుంటారు గానీ, నవ్వులపాలయ్యేది మన పిల్లే.

7. కౌన్సెలర్, ఇంకా "పెద్దవాళ్ళ" లెటర్లు

కౌన్సెలర్ లెటర్ టీచర్ లెటర్ కాదు. స్కూలంతటిలో ఈ పిల్ల ఎక్కడుంది, ఎంత కష్టమైన క్లాసులు తీసుకుంది, ఇంటి పరిస్థితులేమైనా ఉన్నాయా అన్నది వాళ్ళు రాస్తారు. ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలు దాటకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెబుతుంది, చాలా పబ్లిక్ స్కూళ్ళలో అంతకంటే ఎక్కువే ఉంటారు. పదకొండో తరగతిలో ఒకటి రెండుసార్లు వెళ్ళి కలిస్తే పిల్ల మొహమైనా తెలుస్తుంది. తాతగారి అనారోగ్యం వల్ల ఒక సెమిస్టర్ ఇండియాలో గడిపి గ్రేడ్లు తగ్గినట్లయితే, అది రాయాల్సింది కౌన్సెలరే.

ఇక మూడో లెటర్, నాలుగో లెటర్. తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటర్ పనిచేస్తుంది కాబట్టి, ఇక్కడ కూడా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉన్న బాబాయి, కంపెనీ వైస్ ప్రెసిడెంట్ అయిన ఫ్యామిలీ ఫ్రెండ్, సెనేటర్ ఆఫీసులో తెలిసిన మనిషి ఒక మాట రాస్తే బాగుంటుందనిపిస్తుంది. పిల్లతో పని చేయని మనిషి రాసిన లెటర్‌కి విలువ లేదు, ఎంత పెద్ద లెటర్‌హెడ్ ఉన్నా సరే. అదే, వేసవిలో ల్యాబ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన పరిశోధకురాలు, మూడేళ్ళుగా మృదంగం నేర్పుతున్న గురువు, వారాంతపు తెలుగు బడిలో చిన్నపిల్లలకి మన పిల్ల పాఠం చెప్పడం చూసిన టీచర్, వీళ్ళు కొత్త సంగతి చెప్పగలిగితే, ఆ కాలేజీ అదనపు లెటర్ తీసుకుంటే, ఒకటి పంపొచ్చు. రెండు అనవసరం. డార్ట్‌మత్ అయితే తోటి విద్యార్థో స్నేహితుడో రాసిన లెటర్ కూడా పంపమంటుంది.

8. హైదరాబాద్, విజయవాడల నుంచి అప్లై చేసేవాళ్ళకి

ఇంటర్ చదువుతూ అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేసే పిల్లలకి పరిస్థితి వేరు. క్లాసులో అరవై డెబ్బై మంది, లెక్చరర్ వచ్చి బోర్డు మీద చెప్పి వెళ్ళిపోతారు, వీకెండ్ టెస్టులో ర్యాంకు తప్ప పిల్ల గురించి ఎవరికీ ఏమీ తెలియదు. కౌన్సెలర్ అనే ఉద్యోగమే ఉండదు, ఆ ఫారం సాధారణంగా ప్రిన్సిపాలో వైస్ ప్రిన్సిపాలో నింపాల్సి వస్తుంది. లెటర్ అడగ్గానే వచ్చే జవాబు తెలిసిందే: "నువ్వే రాసుకుని పట్రా, సంతకం పెడతా."

అలా చేయకండి. నీతి సంగతి అటుంచి, తేలిగ్గా దొరికిపోతుంది. అప్లికేషన్ వ్యాసం, రెండు లెటర్లు ఒకే చేతితో రాసినవైతే రోజుకి పదుల ఫైళ్ళు చదివేవాళ్ళకి తెలియకుండా ఉండదు. టీచర్ పేరు మీద మీరే ఈమెయిల్ ఖాతా తెరిచి లెటర్ అప్‌లోడ్ చేయడం అంతకంటే ప్రమాదం, సీటు వచ్చాక బయటపడినా సీటు రద్దు చేయొచ్చు.

మరేం చేయాలి? వందమందికి చెప్పే సీనియర్ లెక్చరర్‌ని వదిలి, సాయంత్రం స్టడీ అవర్‌లో డౌట్లు తీర్చే జూనియర్ లెక్చరర్‌ని చూడండి. ల్యాబ్ ప్రాక్టికల్స్ చేయించినవాళ్ళని చూడండి. ఇంగ్లిష్ లెక్చరర్‌ని మర్చిపోకండి, ఇంటర్‌లో ఆ క్లాసుని ఎవరూ పట్టించుకోరు, అందుకే కాస్త శ్రద్ధగా వినే పిల్ల వాళ్ళకి గుర్తుంటుంది. కాలేజీలో ఎవరికీ మీరు తెలియకపోతే పదో తరగతి టీచర్‌ని అదనపు లెటర్‌కి అడగొచ్చు, ముఖ్యమైన రెండూ మాత్రం ఇంటర్ నుంచే ఉండేలా చూసుకోండి.

ఒప్పుకున్న లెక్చరర్‌కి ఈ లెటర్ ఎలా ఉండాలో తెలియకపోవచ్చు. పొగడ్తల కంటే ఒక సంఘటన చెబితే విలువ ఎక్కువని వివరించి, పైన చెప్పిన ఒక పేజీ ఇవ్వండి. ఇంగ్లిష్ తడబడినా ఫర్వాలేదని చెప్పండి, చదివేవాళ్ళు భాషకి మార్కులు వేయరు. కాలేజీ డొమైన్‌తో ఉన్న ఈమెయిల్ ఉంటే అదే ఇవ్వమనండి. కార్పొరేట్ కాలేజీల్లో లెక్చరర్లు ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి మారిపోతుంటారు కాబట్టి ఫోన్ నంబరు కూడా తీసుకోవాలి.

9. గుర్తు చేయడం, థాంక్స్ చెప్పడం

డెడ్‌లైన్‌కి మూడు వారాల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, చిన్న మర్యాదపూర్వకమైన ఈమెయిల్ చాలు. రోజూ అడిగితే చిరాకు. డెడ్‌లైన్ రాత్రికి కూడా లెటర్ పోర్టల్‌లో కనిపించకపోతే ఇంట్లో గగ్గోలు పెట్టొద్దు. ఆ తేదీకి విద్యార్థి భాగం వెళ్ళిపోవాలి. టీచర్లు, స్కూలు పంపేవి కొద్దిరోజులు ఆలస్యమైతే చాలా కాలేజీలు తీసుకుంటాయి. మర్నాడు టీచర్‌ని, కౌన్సెలర్‌ని కలిస్తే సరిపోతుంది.

ఈ లెటర్లు టీచర్లు చాలావరకు సొంత సమయంలో, అదనపు జీతం లేకుండా రాస్తారు. అడిగే ముందు బహుమతులు వద్దు, లంచంలా ఉంటుంది. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో టీచర్లు ఎంత విలువైన కానుక తీసుకోవచ్చో నియమాలు కూడా ఉంటాయి. లెటర్ వెళ్ళాక పిల్ల చేత్తో రాసిన కార్డు ఇవ్వాలి. దాంతో పాటు ఆత్రేయపురం పూతరేకులు ఒక చిన్న డబ్బా పెడితే తప్పేం లేదు, నట్స్ అలర్జీ ఉందేమో కనుక్కుని.

డిసెంబర్‌లో, మార్చి చివర్లో ఫలితాలు వస్తాయి. మంచివైనా కాకపోయినా టీచర్‌కి పిల్లే వెళ్ళి చెప్పాలి. వెయిట్‌లిస్ట్ పడితే కొన్ని కాలేజీలు ఇంకో లెటర్ పంపుకోనిస్తాయి. అప్పుడు పన్నెండో తరగతిలో ఏడాదంతా చూసిన టీచర్ పనికొస్తారు. కాబట్టి అప్లికేషన్ పంపేశాం కదా అని జనవరి నుంచి క్లాసులో వెనక బెంచీకి చేరిపోవద్దని ఇప్పుడే చెప్పి ఉంచండి.